పెళ్లి ఏ పద్ధతిలో? తెలుగు రాష్ట్రాల బయట స్థిరపడిన మన కుటుంబాలకు ఒక వివరణ

కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర, యానాంలలో తరాలుగా స్థిరపడిన మన ఇళ్లలో పెళ్లి మాట రాగానే ముందు కల్యాణమండపం, ఆ తర్వాత ముహూర్తం, ఆ పైన భోజనాలు చర్చకు వస్తాయి. పెళ్లి ఏ పద్ధతిలో చేయాలన్న ప్రశ్న చాలాసార్లు ఎవరూ అడగరు. మనవాళ్లలో ఎలా చేస్తారో అలాగే అనుకుని ముందుకు పోతారు. ఇప్పుడు వరుడి ఇల్లు కోయంబత్తూరులో, వధువు ఇల్లు షోలాపూర్‌లో, ఇద్దరి ఉద్యోగాలు బెంగళూరులో ఉంటున్నాయి. వియ్యంకులు తమిళులో, మరాఠీలో, ఒడియా వాళ్లో కావచ్చు. మతం కూడా వేరు కావచ్చు. అప్పుడు మనవాళ్ల పద్ధతి అంటే ఎవరి పద్ధతి అన్నది తేలాలి. తేలకపోతే ఇబ్బంది పెళ్లిరోజున కనిపించదు. పాస్‌పోర్టు దగ్గరో, కుటుంబ పింఛను దగ్గరో, ఆస్తి పంపకం దగ్గరో ఏళ్ల తర్వాత బయటపడుతుంది.

అందుకే మన కుటుంబాలకు అందుబాటులో ఉన్న పద్ధతులన్నిటినీ ఒకచోట వివరిస్తున్నాం. ఇది గొప్ప, అది తక్కువ అని చెప్పడం మా ఉద్దేశం కాదు. ఏ పద్ధతి ఎవరికి చెల్లుతుంది, దానికి ముందు ఏం చేయాలి, తర్వాత ఏం భద్రపరచాలి అన్నదే మా పట్టింపు.

ముందుగా మూడు ప్రశ్నలు

మొదటి ప్రశ్న: చట్టం దృష్టిలో వధూవరులు ఎవరు? ఇద్దరూ హిందువులైతే 1955 నాటి హిందూ వివాహ చట్టం వర్తిస్తుంది. బౌద్ధులు, జైనులు, సిక్కులు కూడా ఇందులోకే వస్తారు. ఇద్దరిలో ఒకరు క్రైస్తవులో ముస్లిములో అయితే ఈ చట్టం పనికిరాదు. షెడ్యూల్డు తెగలవారికి కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప ఈ చట్టం వర్తించదు, వారి తెగ ఆచారమే ప్రమాణం. రాయగడ, కోరాపుట్, గడ్చిరోలి వైపు ఉన్న మనవాళ్లు ఈ సంగతి గమనించాలి.

రెండో ప్రశ్న: పెళ్లిని పూర్తిచేసే తంతు ఏది? మూడో ప్రశ్న: ఆ తంతు జరిగిందని రేపు ఎలా చూపిస్తారు?

ఈ రెండూ వేర్వేరు విషయాలు. తంతు వల్ల పెళ్లి అవుతుంది, నమోదు దానికి రుజువు అవుతుంది. హిందూ వివాహ చట్టం ప్రకారం నమోదు చేయించకపోయినా పెళ్లి చెల్లకుండా పోదు. కానీ తంతు లేకుండా ధ్రువపత్రం మాత్రమే తెచ్చుకుంటే అది పెళ్లి కాదని సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్‌లో డాలీ రాణి కేసులో స్పష్టం చేసింది. వీసా తొందరలో ముందు సర్టిఫికెట్ తీసుకుని, తర్వాత తీరిగ్గా పెళ్లి చేద్దామనుకునే ఇళ్లు ఈ తీర్పును గుర్తుంచుకోవాలి. తొందర నిజంగానే ఉంటే ప్రత్యేక వివాహ చట్టం దారి ఉంది. దాని సంగతి కింద చెబుతాం.

ఏ పద్ధతిలోనైనా వరుడికి 21, వధువుకు 18 ఏళ్లు నిండి ఉండాలి. అంతకుముందు పెళ్లయి ఉంటే విడాకుల డిక్రీ గానీ, మరణ ధ్రువపత్రం గానీ చేతిలో ఉండాలి. విడాకుల తర్వాత అప్పీలు గడువు ముగియకముందే రెండో పెళ్లికి ముహూర్తం పెట్టకూడదు.

పురోహితుడితో సంప్రదాయ వివాహం

మన ఇళ్లలో ఎక్కువ పెళ్లిళ్లు ఇలాగే జరుగుతాయి. హిందూ వివాహ చట్టంలోని 7వ సెక్షన్ ఇక్కడ కీలకం. వధూవరుల్లో ఏ ఒక్కరి ఆచారం ప్రకారం తంతు జరిగినా పెళ్లి చెల్లుతుంది. ఆ ఆచారంలో సప్తపది ఉంటే ఏడో అడుగు పడగానే పెళ్లి పూర్తయినట్టు. సప్తపది లేని ఆచారం ఉన్న కులాలు, కుటుంబాలు మనలో ఉన్నాయి. వారికి వారి తంతే చాలు. పురోహితుడు తప్పనిసరి అని చట్టంలో లేదు. కులపెద్ద చేయించే పెళ్లి ఆ కుటుంబంలో తరతరాల ఆచారమైతే అదీ చెల్లుతుంది.

వియ్యంకులు వేరే భాషవారైతే సాధారణంగా రెండుచోట్ల పేచీ వస్తుంది. ఒకటి ముహూర్త క్షణం. మనకు ముహూర్తం అంటే జీలకర్ర-బెల్లం. అడ్డుతెర తీసి ఒకరి తలపై ఒకరు పెట్టే ఆ నిమిషమే లెక్క. మంగళసూత్రధారణ, తలంబ్రాలు ఆ తర్వాత వస్తాయి. తమిళ కుటుంబాల్లో తాళి కట్టే క్షణమే ముహూర్తం. మరాఠీ ఇళ్లలో మంగళాష్టకాలు ముగిసి అంతర్పాట్ తొలగించే క్షణానికి ప్రాధాన్యం. కాబట్టి 9 గంటల 12 నిమిషాలకు ముహూర్తం అని శుభలేఖలో వేస్తే, ఆ నిమిషానికి ఏం జరగాలో ఇద్దరు పురోహితులూ ముందే కూర్చుని మాట్లాడుకోవాలి. పీటల మీద కూర్చున్నాక మొదలయ్యే వాదన ఎవరికీ శోభ కాదు.

రెండోది నెలలు. మనది చాంద్రమానం, తమిళులది సౌరమానం. మనం ఆషాఢంలో పెళ్లి చేయం, వారు ఆడి నెలలో చేయరు. ఆడి ఏటా జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా ఉంటుంది. మన ఆషాఢం ఏటేటా ముందుకూ వెనక్కూ జరుగుతుంది. కొన్నేళ్లు రెండూ దాదాపు కలిసిపోతాయి, కొన్నేళ్లు మన ఆషాఢం వెళ్లిపోయి శ్రావణం వచ్చాక కూడా వారికి ఆడి నడుస్తూనే ఉంటుంది. మరాఠీలవీ మనవీ ఒకే మాసాలు. అయినా కార్తికంలో తులసీ వివాహం అయ్యేదాకా పెళ్లి తలపెట్టని ఇళ్లు అక్కడ చాలా ఉన్నాయి. మనకు శ్రావణం పెళ్లిళ్ల నెల. మండపం అడ్వాన్సు ఇచ్చే ముందు రెండు పంచాంగాలూ పక్కపక్కన పెట్టుకోవాలి.

మేనరికం: మన ఆచారం, చట్టం

మేనమామ కూతురిని, మేనత్త కూతురిని చేసుకోవడం మన ఇళ్లలో మామూలు. అక్క కూతురిని చేసుకునే ఇళ్లూ ఉన్నాయి. హిందూ వివాహ చట్టం ఈ వరుసలను నిషిద్ధ సంబంధాల్లో చేర్చింది. అయితే వారి ఆచారం అనుమతిస్తే చెల్లుతుందని మినహాయింపు కూడా ఇచ్చింది. ఆ మినహాయింపు మీదే మన మేనరికాలు నిలబడి ఉన్నాయి.

ఒడిశాలోనో మహారాష్ట్రలోనో ఉన్న మనవాళ్లను, ఇక్కడి ఆచారం వేరు కదా అని ఎవరైనా ప్రశ్నిస్తే జవాబు ఉంది. వలస వచ్చిన హిందూ కుటుంబం తన ఆచారాన్ని వెంట తెచ్చుకున్నట్టే న్యాయస్థానాలు భావిస్తాయి. ఆ కుటుంబం దాన్ని వదిలేసి స్థానిక ఆచారంలోకి మారిందని అనేవారే ఆ మాట రుజువు చేయాలి. అయినా తమ ఇంట్లో మేనరికం అనుమతించే ఆచారం ఉందని చూపించుకునే బాధ్యత మనమీదే ఉంటుంది. మీ ఇంట్లో తాతల కాలం నుంచి జరిగిన మేనరికాల వివరాలు, శుభలేఖలు, వంశవృక్షం ఒకచోట రాసి పెట్టుకోండి.

ఒక హెచ్చరిక. మేనరికం చేసుకునేవారు ప్రత్యేక వివాహ చట్టం కింద నమోదు కోసం వెళ్తే చిక్కులో పడతారు. ఆ చట్టంలోనూ ఇవి నిషిద్ధ వరుసలే. అక్కడ ఆచారం మినహాయింపు కావాలంటే రాష్ట్ర ప్రభుత్వం ఆ ఆచారాన్ని గెజిట్‌లో ప్రకటించి ఉండాలి. కాబట్టి మేనరికానికి సంప్రదాయ వివాహం, హిందూ వివాహ చట్టం కింద నమోదు, ఇదే సరైన దారి. దగ్గరి రక్తసంబంధంలో పుట్టే పిల్లలకు కొన్ని వంశపారంపర్య జబ్బుల అవకాశం పెరుగుతుంది గనుక ముందే వైద్యుల సలహా తీసుకోవడం మంచిది.

గుడిలో పెళ్లి

ఖర్చు తగ్గించుకోవాలనుకునేవారు, మొక్కు ఉన్నవారు దేవుడి సన్నిధిని ఎంచుకుంటారు. హోసూరు, కృష్ణగిరి, కోలారు వైపు మనవాళ్లు తిరుమలకు, యానాం, బరంపురం వైపు వాళ్లు అన్నవరానికి వెళ్లడం పరిపాటి. తిరుమలలో తితిదే కల్యాణ వేదిక దగ్గర పురోహితుడిని, మంగళవాద్యాన్ని, పసుపు కుంకుమలను దేవస్థానమే ఉచితంగా సమకూరుస్తుంది. ముందుగా పేర్లు నమోదు చేసుకోవాలి, వయసు, చిరునామా పత్రాలు చూపాలి.

గుడి పెళ్లి కూడా హిందూ వివాహ చట్టం కిందే చెల్లుతుంది గనుక తంతు నియమాలన్నీ దీనికీ వర్తిస్తాయి. దేవస్థానం ఇచ్చే రసీదు గానీ పత్రం గానీ ప్రభుత్వ నమోదు కాదు. ఆర్య సమాజ మందిరంలో చేసుకునే పెళ్లికీ ఇదే మాట వర్తిస్తుంది. అక్కడి పత్రం తంతు జరిగిందనడానికి ఒక ఆధారం మాత్రమే. పెళ్లి ఒక రాష్ట్రంలో, నివాసం మరో రాష్ట్రంలో అయితే ఏ కార్యాలయంలో నమోదు చేస్తారో ప్రయాణానికి ముందే అడిగి తెలుసుకోవాలి. లేకుంటే ఒక్క సంతకం కోసం సాక్షులందరినీ మళ్లీ అంత దూరం తీసుకుపోవాల్సి వస్తుంది.

తమిళనాడులో ఆత్మగౌరవ వివాహం

తమిళనాడులోని మన కుటుంబాలకు మిగతా రాష్ట్రాల్లో లేని సదుపాయం ఒకటి ఉంది. పెరియార్ ఉద్యమం 1920ల చివర నుంచి పురోహితుడు, అగ్ని, మంత్రం లేని సుయమరియాదై పెళ్లిళ్లు జరిపించింది. చాలాకాలం వాటికి చట్టం అండ లేదు. మద్రాసు హైకోర్టు 1953లో అలాంటి పెళ్లి చెల్లదని తీర్పు చెప్పింది. ఎన్నో కుటుంబాల్లో భార్య హోదా, పిల్లల వారసత్వం ప్రశ్నార్థకమయ్యాయి. అణ్ణాదురై ప్రభుత్వం 1967లో హిందూ వివాహ చట్టానికి సవరణ చేసి 7ఏ సెక్షన్ చేర్చింది. 1968 జనవరిలో అది అమలులోకి వచ్చింది. అంతకుముందు జరిగిన పెళ్లిళ్లనూ చెల్లుబాటు చేసింది.

దీని ప్రకారం ఇద్దరు హిందువులు బంధువులో, మిత్రులో, ఇతరులో ఉన్నచోట ఒకరినొకరు భార్యగా, భర్తగా స్వీకరిస్తున్నట్టు చెప్పుకున్నా, దండలు మార్చుకున్నా, ఉంగరం తొడిగినా, తాళి కట్టినా పెళ్లి పూర్తవుతుంది. వీటిలో ఏదో ఒకటి చాలు. పుదుచ్చేరిలోనూ ఇలాంటి సెక్షన్ ఉంది గనుక యానాం వారికీ ఈ దారి తెరిచే ఉంది. లాయర్ల సమక్షంలో గుట్టుగా జరిగే పెళ్లి చెల్లదని మద్రాసు హైకోర్టు 2014లో అన్నది. సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో ఆ తీర్పును కొట్టివేసింది. పదిమందికీ బహిరంగంగా ప్రకటించాలన్న షరతు చట్టంలో లేదని చెప్పింది.

మన ఇళ్లకు ఇందులో అన్నిటికన్నా పనికొచ్చే మాట ఒకటుంది. ఆ ప్రకటన వధూవరులకు అర్థమయ్యే ఏ భాషలోనైనా ఉండవచ్చు. తమిళంలోనే చెప్పాలన్న నియమం లేదు. "ఇక్కడ చేరిన పెద్దల ఎదుట నేను ఈమెను నా భార్యగా స్వీకరిస్తున్నాను", "నేను ఈయనను నా భర్తగా స్వీకరిస్తున్నాను" అని తెలుగులో చెప్పుకుంటే సరిపోతుంది. మదురైలోనో రాజపాళయంలోనో బడిలో తెలుగు చదవని పిల్లలైనా ఈ ఒక్క వాక్యం నేర్చుకోగలరు.

నిరాడంబర పెళ్లిళ్లు: కన్నడ, మరాఠీ, తెలుగు దారులు

కర్ణాటకలో కువెంపు రూపొందించిన మంత్ర మాంగల్య పద్ధతి ఉంది. వధూవరులు అర్థమయ్యే మాటల్లో ప్రమాణాలు చదువుతారు. ఆడంబరం ఉండదు, కట్నం మాట రాదు. ఆయన కుమారుడు పూర్ణచంద్ర తేజస్వి పెళ్లి 1966లో ఈ పద్ధతిలోనే జరిగింది.

మహారాష్ట్రలో ఇంకా పాత దారి సత్యశోధక వివాహం. జ్యోతిరావు ఫూలే 1873 సెప్టెంబరులో పుణెలో సత్యశోధక సమాజం స్థాపించారు. పురోహితుడు లేకుండా, వధూవరులిద్దరూ మరాఠీలో ప్రమాణాలు చేసుకునే పెళ్లిళ్లు ఆ ఏడాది చివర్లోనే మొదలయ్యాయి. ఆ సమాజానికి అండగా నిలిచినవారిలో బొంబాయిలోని తెలుగువారు వ్యంకు బాలాజీ కాలేవార్, రామయ్య వెంకయ్య అయ్యావారు ఉన్నారు. మహారాష్ట్రలోని మన కుటుంబాలకు ఇది పరాయి సంగతి కాదు.

తెలుగులోనూ ఈ సంప్రదాయం ఉంది. కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి వధూవరులకు అర్థం కావాలని తెలుగులో 'వివాహ విధి' రాశారు, స్వయంగా పెళ్లిళ్లు జరిపించారు. నాస్తికోద్యమ నాయకుడు గోరా 1948లో తన కుమార్తె పెళ్లి మహారాష్ట్రలోని సేవాగ్రామ్ ఆశ్రమంలో చేశారు. దండల పెళ్లి, ఆదర్శ వివాహం అని మనం పిలిచేవన్నీ ఈ దారిలోవే.

అయితే ఒక ముఖ్యమైన తేడా ఉంది. 7ఏ లాంటి సెక్షన్ కర్ణాటక, మహారాష్ట్ర, ఒడిశాలలో లేదు. అక్కడ కేవలం దండలు మార్చుకుని ప్రమాణం చదివితే, అది మా ఆచారమని చూపలేని పక్షంలో, రేపు ఎవరైనా ప్రశ్నించడానికి వీలుంటుంది. కొత్తగా ఎంచుకున్న పద్ధతిని తరతరాల ఆచారం అని చెప్పడం కష్టం. కాబట్టి ఆ మూడు రాష్ట్రాల్లో నిరాడంబర పెళ్లి చేసుకునేవారు దాంతోపాటు ప్రత్యేక వివాహ చట్టం కింద కూడా పెళ్లి చేసుకోవాలని మా సలహా. ఆదర్శం కోసం చేసుకున్న పెళ్లిలో నష్టపోయేది చివరికి భార్య, పిల్లలు కాకూడదు.

ప్రత్యేక వివాహ చట్టం

రిజిస్టర్ మ్యారేజి అని మనం వాడుకగా అనే మాటలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. ముందే జరిగిన పెళ్లిని నమోదు చేయడం ఒకటి. వివాహాధికారి ఎదుటే పెళ్లి చేసుకోవడం రెండోది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం రెండో దానికోసం వచ్చింది. మతం, కులం, భాష ఏదైనా, ఎవరూ మతం మారకుండా ఈ చట్టం కింద పెళ్లి చేసుకోవచ్చు.

ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లాలోని వివాహాధికారికి నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసును కార్యాలయంలో అంటిస్తారు. 30 రోజుల్లో చట్టబద్ధమైన అభ్యంతరం రాకపోతే పెళ్లి చేసుకోవచ్చు. ఇంట్లోవాళ్లకు ఇష్టం లేదన్నది చట్టబద్ధమైన అభ్యంతరం కాదు. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లో పెళ్లి జరగకపోతే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఇద్దరిలో ఎవరి శాశ్వత చిరునామా అయినా వేరే జిల్లాలో ఉంటే నోటీసు ప్రతి ఆ జిల్లాకూ వెళ్తుంది. ఊళ్లో తెలియకుండా చేసుకుందామనుకునే జంటలు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి. ప్రమాదం ఉందనిపిస్తే లాయరును కలిసి రక్షణ విషయం మాట్లాడాలి.

పెళ్లిరోజున ముగ్గురు సాక్షులు ఉండాలి. అదనపు రుసుము కడితే అధికారి దగ్గరలోని మండపానికి కూడా వస్తారు. ఇష్టమైన తంతు ఏదైనా చేసుకోవచ్చు. కానీ అధికారి, సాక్షుల ఎదుట ఒకరినొకరు స్వీకరిస్తున్నామన్న మాట మాత్రం చెప్పి తీరాలి. ఇక్కడా చట్టం అడిగేది వధూవరులకు అర్థమయ్యే భాషే. ముంబయిలోనైనా భువనేశ్వర్‌లోనైనా ఆ మాట తెలుగులో చెప్పే హక్కు మనకు ఉంది.

ఆస్తి విషయం కూడా తెలుసుకోవాలి. ఇద్దరూ హిందువులైతే ఈ చట్టం కింద పెళ్లి చేసుకున్నా హిందూ వారసత్వ చట్టమే వర్తిస్తుంది. ఉమ్మడి కుటుంబంలోని హిందువు వేరే మతస్థులను ఈ చట్టం కింద చేసుకుంటే మాత్రం ఉమ్మడి కుటుంబం నుంచి విడిపోయినట్టు లెక్క. వారసత్వానికి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. ఉమ్మడి ఆస్తి ఉన్న ఇళ్లవారు ముందే లాయరు దగ్గర కూర్చోవాలి.

చర్చి, నిఖా, మతాంతర వివాహం

తెలుగు క్రైస్తవ కుటుంబాలకు 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం వర్తిస్తుంది. లైసెన్సు ఉన్న పాస్టరు గానీ, చర్చి నియమం ప్రకారం గురువు గానీ పెళ్లి జరిపించి రిజిస్టరులో సంతకాలు తీసుకుంటారు. వధూవరుల్లో ఒక్కరు క్రైస్తవులైనా ఈ చట్టం కింద పెళ్లి జరగవచ్చు. పెళ్లి జరిపించే పాస్టరుకు ఆ అధికారం ఉందో లేదో ముందే అడగడం మర్యాద తప్పినట్టు కాదు. తెలుగు ముస్లిం కుటుంబాల్లో నిఖా ఇద్దరి సమ్మతితో, సాక్షుల ఎదుట, మెహర్ నిర్ణయించి జరిగే ఒప్పందం. నిఖానామాలో మెహర్ మొత్తం స్పష్టంగా రాయించుకుని, వధువు దగ్గర ఒక ప్రతి ఉండేలా చూసుకోవాలి.

హిందువు, క్రైస్తవులు కలిసి గుడిలో తాళి కట్టించుకుని హిందూ వివాహ చట్టం కింద నమోదు చేయించుకోవడం మన దగ్గర తరచూ జరిగే పని. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన అలాంటి కేసులోనే ఆ పెళ్లి చెల్లదని సుప్రీంకోర్టు 2008లో తీర్పు చెప్పింది. ఇద్దరూ హిందువులైతే తప్ప ఆ చట్టం వర్తించదు. ప్రేమ నిజమే, తాళి నిజమే, ఫొటోలూ నిజమే. అయినా చట్టం ముందు ఆమె భార్య కాకుండా పోయింది. మతాలు వేరైనప్పుడు ప్రత్యేక వివాహ చట్టమే భద్రమైన దారి. ఆ తర్వాత గుడిలోనూ చర్చిలోనూ ఆశీర్వాదం తీసుకోవడానికి ఎవరికీ అడ్డు లేదు.

యానాం సంగతి వేరు

పెళ్లి, చట్టం, ఊరు ఈ మూడింటి సంబంధం యానాం వారికి తెలిసినంతగా మరొకరికి తెలియదు. బ్రిటిష్ ఇండియాలో 1929లో శారదా చట్టం వచ్చింది. బాల్యవివాహాలను నిషేధించిన ఆ చట్టం ఫ్రెంచి యానాంలో వర్తించేది కాదు. చుట్టుపక్కల బ్రిటిష్ జిల్లాల నుంచి కుటుంబాలు పసిపిల్లలతో యానాం వచ్చి పెళ్లిళ్లు చేసుకుపోయేవి. ఆ రోజుల్లోనే యానాంకు కల్యాణపురం అన్న పేరు వచ్చింది. ఇప్పుడు ఆ సందు లేదు. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం వచ్చాక యానాంలోనూ వయసు షరతు బయట ఉన్నదే.

పుదుచ్చేరి ప్రాంతంలో 1881 నాటి డిక్రీ ప్రకారం తమ వైయక్తిక చట్టాన్ని వదులుకుని ఫ్రెంచి పౌరస్మృతిని స్వీకరించినవారి వారసులు ఉన్నారు. వారిని రెనాన్సాంట్లు అంటారు. హిందూ వివాహ చట్టం వారికి వర్తించదని చట్టమే చెబుతోంది. అలాంటి కుటుంబంతో వియ్యమందేవారు తంతు ఎంత ఘనంగా చేసినా, పౌర వివాహం విషయం ముందే తేల్చుకోవాలి. ఇద్దరిలో ఒకరికి ఫ్రెంచి పౌరసత్వం ఉంటే పెళ్లికి ముందే ఫ్రెంచి కాన్సులేట్‌లో వివాహార్హత పత్రం తీసుకోవాలి. పెళ్లి తర్వాత దాన్ని ఫ్రెంచి రికార్డుల్లో ఎక్కించుకోవాలి.

పెళ్లి లేని సహజీవనం, చట్టం గుర్తించని జంటలు

పెళ్లి చేసుకోకుండా కలిసి ఉంటున్న పిల్లలు మన ఇళ్లలోనూ ఉన్నారు. మాట్లాడకపోతే ఆ సంగతి లేకుండా పోదు. భార్యాభర్తల తరహాలో సాగే సహజీవనంలో ఉన్న స్త్రీకి 2005 నాటి గృహహింస చట్టం రక్షణ ఇస్తుంది. చెల్లని పెళ్లి వల్ల పుట్టిన పిల్లలకూ తల్లిదండ్రుల ఆస్తిలో హక్కు ఉంటుంది. ఉమ్మడి ఆస్తిలో ఆ తల్లికో తండ్రికో వచ్చే వాటాలో కూడా వారికి భాగం ఉందని, కర్ణాటక నుంచి వెళ్లిన రేవణసిద్దప్ప కేసులో సుప్రీంకోర్టు 2023 సెప్టెంబరులో చెప్పింది. అయితే కుటుంబ పింఛను, వారసత్వం లాంటి భార్య హక్కులు సహజీవనంతో వాటంతట అవే రావు.

స్వలింగ జంటల పెళ్లికి మన దేశంలో చట్టబద్ధ గుర్తింపు లేదు. హైదరాబాద్‌కు చెందిన జంట వేసిన పిటిషన్‌తో మొదలైన సుప్రియో కేసులో 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు ఆ గుర్తింపు ఇవ్వలేదు. ఇంట్లోవాళ్లు ఆనందంగా వేడుక చేసుకోవచ్చు, అది నేరం కాదు. కానీ వీలునామా, బ్యాంకు నామినేషన్, బీమా పత్రాలు విడివిడిగా రాసుకోవాలి. ట్రాన్స్ మహిళ విషయంలో మాత్రం, హిందూ వివాహ చట్టంలోని వధువు అన్న మాట ఆమెకూ వర్తిస్తుందని మద్రాసు హైకోర్టు మదురై బెంచి 2019లో తీర్పు ఇచ్చింది.

నమోదు: వాయిదా వేయకండి

పెళ్లిళ్లన్నీ నమోదు కావాలని సుప్రీంకోర్టు 2006లో సీమా కేసులో ఆదేశించింది. తమిళనాడులో 2009 నాటి చట్టం, మహారాష్ట్రలో 1998 నాటి చట్టం ప్రకారం 90 రోజుల్లో నమోదు చేయించాలి. కర్ణాటకలో 1976 నాటి చట్టం ఉంది. మన ఇళ్లలో నమోదు ఆగిపోయేది ఎక్కువగా పేర్ల దగ్గరే. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. తమిళనాడు బడిలో తండ్రి పేరు ఇనిషియల్ అవుతుంది, ఇంటిపేరు ఎగిరిపోతుంది. మహారాష్ట్రలో తండ్రి పేరు మధ్యకు, ఇంటిపేరు చివరికి చేరతాయి. ఆధార్‌లో ఒకలా, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంకోలా, శుభలేఖలో మరోలా ఉంటే అధికారి తిప్పి పంపుతారు. కాబట్టి:

1. శుభలేఖ అచ్చువేయించే ముందే వధూవరుల పేర్లను పదో తరగతి సర్టిఫికెట్, ఆధార్‌తో సరిచూడండి. తేడా ఉంటే ముందే దిద్దించుకోండి.

2. శుభలేఖలు మూడు నాలుగు విడిగా దాచండి. జీలకర్ర-బెల్లం, మంగళసూత్రధారణ, సప్తపది ఫొటోలు తప్పకుండా తీయించండి. రేపు అడిగితే చూపించేవి అవే.

3. సాక్షులుగా అదే ఊళ్లో ఉండేవారిని ఎంచుకోండి. దూరం నుంచి వచ్చిన మేనమామను మళ్లీ పిలిపించడం కష్టం.

4. పెళ్లిలో ఇచ్చిన కానుకల జాబితా రాసి ఇద్దరూ సంతకాలు చేయండి. వరకట్న నిషేధ చట్టం కింద 1985లో వచ్చిన నిబంధనలు దీన్ని కోరుతున్నాయి.

5. ధ్రువపత్రం వచ్చాక భార్య పేరు మార్చాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. మార్చుకోవాలని చట్టం ఎక్కడా చెప్పలేదు.

ఎలా ఎంచుకోవాలి

క్లుప్తంగా చెబితే ఇది. ఇద్దరూ హిందువులై, ఇళ్లలో ఆచారం గట్టిగా ఉంటే సంప్రదాయ వివాహం, వెంటనే నమోదు. మేనరికమైతే తప్పకుండా ఇదే. తమిళనాడులో, యానాంలో పురోహితుడు వద్దనుకునే హిందూ జంటకు 7ఏ సెక్షన్ చాలు. కర్ణాటక, మహారాష్ట్ర, ఒడిశాలలో పురోహితుడు వద్దనుకుంటే, ఏ రాష్ట్రంలోనైనా మతాలు వేరైతే ప్రత్యేక వివాహ చట్టం. తంతు, వేడుక దానికి తోడుగా ఎలాగైనా చేసుకోవచ్చు.

ఏ దారి ఎంచుకున్నా మేము కోరేది ఇంకొకటి ఉంది. మన పిల్లలు బడిలో తమిళమో కన్నడమో మరాఠీయో ఒడియానో చదువుతున్నారు, ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడుతున్నారు. తెలుగు నలుగురి మధ్య గట్టిగా వినిపించే చోట్లు మన ఇళ్లకు పెద్దగా మిగల్లేదు. పెళ్లి అందులో ఒకటి. ప్రమాణం ఏ భాషలో ఉండాలన్నది పై రెండు చట్టాలూ వధూవరులకే వదిలేశాయి. సంప్రదాయ వివాహంలోనూ ప్రతి మంత్రానికీ తెలుగులో అర్థం చెప్పమని పురోహితుడిని అడగవచ్చు. అడిగితే చాలామంది సంతోషంగా చెబుతారు. శుభలేఖ ఒక వైపు తెలుగులో వేయించండి. వధూవరులు చెప్పే మాట వారం ముందే ఇంట్లో వాళ్ల చేత చదివించండి. అమ్మమ్మో తాతయ్యో దగ్గర కూర్చుని ఉచ్చారణ సరిదిద్దితే ఆ ముచ్చట కూడా పెళ్లిలో భాగమే అవుతుంది.